చక్రం చేత్తో తిప్పి చూసుకో, అమ్మడూ

అమ్మడూ, నువ్వు ఫోనులో పంపిన మిషను ఫొటో చూశాను. తెల్లగా ముద్దుగా ఉంది. 21 రకాల కుట్లు వేస్తుందని రాశావు. "అత్తా, ఇది తీసేసుకోనా?" అని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేలేది కాదని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రాజోలు పక్కన ఈ లంకలో మిషను తొక్కడం మొదలెట్టి నలభై ఏళ్ళు దాటింది. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను?

ముందు ఒక్క మాట చెప్పు. ఆ 21 కుట్లలో నువ్వు కుట్టేవి ఎన్ని? మన ఇళ్ళల్లో కుట్టుకునేవి ఏమిటి? జాకెట్లు, నైటీలు, పిల్లదానికి గౌన్లు, దిండు గలీబులు, లంగాకి నాడా పట్టీ, మీ మావగారి లుంగీకి అంచు కుట్టు. వీటన్నిటికీ కావలసింది సాదా కుట్టు ఒక్కటే, నేరుగా పోయేది. ఇన్నేళ్ళలో నేను కుట్టినదాంట్లో నూటికి తొంభై పాళ్ళు అదే. మిగిలింది పీకో, ఫాలు, కాజాలు. మీ అమలాపురంలో పీకో వేసేవాళ్ళు వీధికొకరు ఉన్నారు. ఏడాదికి పది చీరలుంటే వాళ్ళకిచ్చి వేయించుకో. దానికోసమని ఖరీదైన మిషను మీద డబ్బు పోయకు.

నా మాటగా చెప్తున్నాను, నువ్వు కొనాల్సింది నల్ల మిషను. పోత ఇనుము తల, కింద తొక్కుడు స్టాండు, పైన చెక్క బల్ల. కావాలంటే వెనక చిన్న మోటారు పెట్టించుకో. కరెంటు ఉన్నప్పుడు మోటారు, పోయినప్పుడు బెల్టు తగిలించి కాలు. నువ్వు చూసిన తెల్లది పది వేలు దాటుతుంది. స్టాండుతో సహా నల్లది ఆ లోపే వస్తుంది. పైపెచ్చు నల్లదాని మీద నీ కూతురు కూడా కుడుతుంది.

తెల్ల మిషన్లన్నీ పనికిరానివని నేననను. టీషర్టులు, లెగ్గింగుల్లాంటి సాగే గుడ్డ కుట్టాలంటే జిగ్‌జాగ్ కావాల్సిందే. సాదా కుట్టు వేస్తే లాగినప్పుడు పుటుక్కున తెగిపోతుంది. ఊళ్ళు మారే ఉద్యోగమైతే ఐదారు కిలోల మిషను చేతిసంచీలా పట్టుకుపోవచ్చు. మీది అలాంటి ఉద్యోగం కాదు. మీ పోర్షను మేడ మీదే అయినా హాల్లో కిటికీ పక్కన స్టాండుకి చోటుంది, నేను చూశాను. ఆ కిటికీ వెలుతురు నీ ఎడమ భుజం మీదుగా సూది మీద పడేట్టు వేసుకో.

నా మిషను సంగతి నీకు తెలుసు. మా నాన్న సారెలో పెట్టిన ఉషా. ఆ పేరు వెనక కూడా ఒక తండ్రే ఉన్నాడట. 1930లలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ అనే ఆయన మన దేశంలోనే కుట్టు మిషను తయారుచేసి, దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు. తర్వాత లాలా శ్రీరామ్ ఆ కంపెనీని చేతిలోకి తీసుకుని పెద్దది చేశాడు. అంతకుముందు మన ఊళ్ళల్లో మిషనంటే విదేశీ సింగరే. యంత్రాలంటే అంత పట్టింపున్న గాంధీగారు కూడా 1924లో కుట్టు మిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అది ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీ తగ్గించాలన్న ప్రేమలోంచి పుట్టిందని ఆయన నమ్మకం. నలభై ఏళ్ళు తొక్కాక నాకూ ఆ మాట నిజమే అనిపిస్తుంది.

నేను కాపరానికొచ్చిన రెండో ఏడు, 1986 ఆగస్టులో, గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందన్నారు. ఇక్కడ లంకల్లో మాకు కొలతలు తెలియవు, అరుగు మునిగింది, గడప మునిగింది, అంతే. మీ మావయ్య బియ్యం బస్తా అటక మీదికి ఎక్కిస్తుంటే నేను మిషను తల వెనక్కి వంచి, కింద రెండు మరలు వదులుచేసి, తలని ఊడదీసి పాత చీరలో చుట్టి పైకి అందించాను. స్టాండు నీళ్ళలోనే ఉండిపోయింది. నీళ్ళు తీశాక ఒండ్రు కడిగి, కిరసనాయిలుతో తుడిచి, మళ్ళీ తల బిగించాం. నల్ల మిషనులో ఇది పెద్ద సుఖం. రెండు మరలు వదిలితే తల నీ చేతికొస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్ళీ 71.3 అడుగులొచ్చినప్పుడూ అదే అటక, అదే చీర.

ఇక 1996 నవంబరు 6 తుఫాను. నీకప్పటికి ఊహ లేదు. కొబ్బరిచెట్లు తలలు తెగి పడ్డాయి, స్తంభాలు ఒరిగాయి, కరెంటు ఎన్నాళ్ళకో గానీ రాలేదు. గుడ్డలు తడిసి, చిరిగి, కొట్టుకుపోయిన ఇళ్ళు ఎన్నో. ఆ రోజుల్లో పగలంతా వాకిట్లో మిషను వేసుకుని ఇరుగుపొరుగు పిల్లలకి చొక్కాలూ లాగులూ కుట్టాను. తీగ మీద ఆధారపడిన మిషనైతే మూల కూర్చునేది. అందుకే ఎవరు కొంటానన్నా కాలితో తొక్కేందుకు వీలుందా అని ముందడుగుతాను. గాలివానకి నాలుగు రోజులు కరెంటు పోవడం మన సీమలో ఇప్పటికీ వింతేమీ కాదు.

ఇప్పుడు కొట్లో ఎలా చూసుకోవాలో చెప్తాను, ఇది జాగ్రత్తగా చదువు.

చేతికుట్టులో దారం ఒకటే. సూది గుడ్డలోంచి మొత్తం దూరి అవతలికి వస్తుంది. మిషను సూదికి కన్ను మొన దగ్గర ఉంటుంది. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్న మిషనులో కిటుకు అదే. సూది గుడ్డలోకి దిగి కొంచెం పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. కింద షటిల్ ముక్కు ఆ ఉచ్చుని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అలా పై దారమూ కింది దారమూ గుడ్డ మందంలో పెనవేసుకుంటాయి. ఆ ముక్కు సూదిని తాకీ తాకనట్టు పోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కుట్టు దాటేస్తుంది. మిషను మంచీ చెడూ తేలేది అక్కడే. ఒంటి మీద బంగారు రంగు పువ్వులు ఎన్నున్నా లాభం లేదు.

అందుకని కొట్టువాడు మోటారు నొక్కి బర్రున కుట్టి చూపించబోతే ఆగమను. దారం తీసేసి, ఫుట్టు ఎత్తి, చక్రాన్ని నీ చేత్తో నీ వైపుకి మెల్లగా తిప్పు. ఒక చుట్టంతా ఒకే బరువుతో తిరగాలి. ఎక్కడైనా పట్టేసినట్టుంటే, లోపల టక్కుమంటే, అది వద్దు. సూది కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడు, ఊగకూడదు. కింద పళ్ళు పదునుగా ఉన్నాయో లేదో వేలితో తడుము.

తర్వాత పైన తెల్ల దారం, బాబిన్‌లో ఎర్ర దారం వెయ్యమను. రెండు మడతల గుడ్డ మీద జానెడు కుట్టు. గుడ్డ పైన ఎర్ర చుక్కలు తేలితే పై దారం బిగువు ఎక్కువైనట్టు. అడుగున తెల్ల ఉచ్చులు కనిపిస్తే వదులైనట్టు. టెన్షన్ మర తిప్పితే సర్దుకోవాలి. ఎంత తిప్పినా సర్దుకోకపోతే తప్పు మిషనుదే. గుడ్డని నువ్వు పట్టుకోకుండా వదిలెయ్యి, నేరుగా పోతోందా, పక్కకి లాగుతోందా చూడు. బాబిన్ కేసుని దారం పట్టుకుని గాల్లో వేలాడదీసి చిన్నగా ఝాడించు. కొంచెం జారి ఆగాలి. జరజరా దిగిపోయినా, అసలు కదలకపోయినా మర సరిచెయ్యమను. చివరికి ఒంటి పొర వాయిల్ మీదా, నాలుగు మడతల జీన్సు మీదా కుట్టించు. రెంటి మీదా కుట్టు ఒకేలా పడితే ఆ మిషనుకి డబ్బివ్వచ్చు.

బ్యాటరీలతో నడిచే చేతిమిషన్లు వెయ్యి రూపాయలకీ రెండు వేలకీ అమ్ముతున్నారు, పువ్వుల డబ్బాలో పెట్టి. వాటి జోలికి వెళ్ళకు. స్టేప్లరులా చేత్తో పట్టుకునే రకం చాలామటుకు ఒక్క దారంతో గొలుసు కుట్టు వేస్తుంది. కొస పట్టుకుని లాగితే మొదటిదాకా ఊడి వచ్చేస్తుంది. చంటిదానికి గౌను కుట్టి అలా ఊడితే నీ మనసు ఎంత కష్టపడుతుంది?

కువైట్ నుంచి పంపిస్తానని మీ పిన్ని అంటోందన్నావు. దానికి దండం పెట్టి వద్దను. అక్కడి మిషనుకి ఇక్కడ బాబిన్ కేసు దొరక్కపోవచ్చు, ఒక చిన్న ముక్క విరిగితే మిషనంతా అటకెక్కాల్సిందే. అమెరికా నుంచి తెస్తామన్నా అంతే. అక్కడిది 110 వోల్టులది, మన 230లో పెడితే మోటారు మాడిపోతుంది. నల్ల మిషను సామాన్లు లూధియానాలో లక్షలకొద్దీ తయారవుతాయి, మన ఊళ్ళ కొట్లలో దొరుకుతాయి. కొనేముందు అమలాపురంలో బాగుచేసే మనిషి ఎవరో కనుక్కుని, ఆయన చెయ్యి పెట్టగల మిషనే కొను.

ఇంక కొబ్బరినూనె సంగతి. మన ఇళ్ళల్లో అందరూ చేసే తప్పు ఇదే, నేనూ చేశాను. మిషను కిర్రుమంది, సీసాలో చేతికి అందింది కొబ్బరినూనె, పోసేశాను. ఆ పూట మెత్తగానే నడిచింది. ధనుర్మాసం పొద్దున్నే తొక్కబోతే చక్రం కదల్లేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల కిందికి చల్లబడితే పేరుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు కూడా పీచూ దుమ్మూ కలుపుకుని బంకలా అయిపోతుంది. మెకానిక్కు భాగాలన్నీ విప్పి కిరసనాయిల్లో ముంచి కడగాల్సి వచ్చింది. నీళ్ళలా పల్చగా ఉండే మిషను నూనె చిన్న సీసా కొనుక్కో. వారానికోసారి ప్రతి రంధ్రంలో ఒక్కొక్క చుక్క వేసి, పాత గుడ్డ మీద నాలుగు గజాలు ఉత్తుత్తినే కుట్టు. లేకపోతే కొత్త జాకెట్టు మీద మరక పడుతుంది. మనది సముద్రపు గాలి తగిలే నేల, ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పని అయ్యాక నూలు చీర ముక్క కప్పు. ప్లాస్టిక్ కవరు కప్పకు, లోపల చెమ్మ పడుతుంది.

సూదుల్లో పిసినారితనం వద్దు. కుట్టు దాటుతోందంటే మిషనుని తిట్టేముందు సూది మార్చు. సగం రోగాలు దాంతోనే పోతాయి. పట్టుకీ జార్జెట్టుకీ 11, బండారులంక నూలు చీర మీద జాకెట్టుకి 14, జీన్సుకీ బొంతకీ 16, 18. అడుగు ఒక పక్క చదునుగా ఉండే సూది వేరు, గుండ్రంగా ఉండేది వేరు. నీ మిషనుది ఏదో కొట్లోనే అడిగి, పాత సూది ఒకటి పర్సులో పెట్టుకో. దారాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడు. నూగు నూగుగా ఉంటే అది పళ్ళ కింద పేరుకుని మిషనుని చంపేస్తుంది. మా అత్తగారు లేసు అల్లేవారు. దారం కోసం సఖినేటిపల్లి నుంచి పంటు మీద నర్సాపురం వెళ్ళి, నాలుగు కొట్లు తిరిగి, వేళ్ళతో రాసి చూసి గానీ కొనేవారు కాదు. ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నది ఇది.

ప్రభుత్వ పథకంలో మిషను వస్తుందేమో ఆగనా అని కూడా అడిగావు. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో దర్జీ పని ఉంది, సామాన్లకి 15,000 దాకా ఇస్తారు, శిక్షణ ఉంటుంది, తక్కువ వడ్డీకి అప్పు ఉంటుంది. అది కుట్టు మీద బతికేవాళ్ళ కోసం. మీ వీధి చివర మగాడు మంచాన పడితే జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివిస్తోందే, ఆవిడకి చెప్పు ఆ సంగతి. దరఖాస్తు రాయడానికి సాయం చెయ్యి. నీ మిషను నువ్వు కొనుక్కోగలవు.

తొక్కడం కొత్తలో చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది, విసుక్కోకు. బెల్టు తగిలించి, దారం లేకుండా, నోటుబుక్కు గీతల మీద వారం రోజులు కుట్టు. కాలికీ చేతికీ స్నేహం కుదిరాక గుడ్డ పెట్టు.

బయానా ఏమీ ఇవ్వకు. ఆదివారం పొద్దున్న రాజోలు బస్సుకి నేనే వస్తాను. ఎర్ర దారం, తెల్ల దారం, వాయిల్ ముక్క, మీ మావయ్య పాత జీన్సు ప్యాంటు కాలు సంచిలో సర్ది పెట్టాను. ఇద్దరం కలిసి వెళ్దాం, చక్రం మాత్రం నువ్వే తిప్పి చూడాలి.