మొదట నేర్పేది పడటమే



పోయిన ఏడాది, 46 ఏళ్ళ వయసులో, నేను జూడో క్లాసులో చేరి తెల్లబెల్టు కట్టుకున్నాను. రెండేళ్ళుగా మా అబ్బాయిని క్లాసు దగ్గర దింపి కారులో కూర్చునేవాణ్ణి. "నువ్వూ రా నాన్నా" అని వాడు అడిగితే కాదనలేకపోయాను. ఎదుటివారిని పడగొట్టడం నేర్పుతారనుకున్నాను. మొదటి నెలంతా నేర్పింది పడటమే.

1882లో జపానులో జిగొరో కానో మొదలుపెట్టిన ఈ విద్యలో, దెబ్బ తగలకుండా పడటాన్ని ఉకేమి అంటారు. గడ్డం రొమ్ముకు ఆనించి తల కాపాడుకోవాలి. చేయి చాచి మ్యాట్‌ను చరచాలి. పడకుండా ఆపుకోవాలని అరచేయి నేలకు ఆనిస్తే మణికట్టుకే ప్రమాదం. నేను ప్రతిసారీ చేయి ఆనించేవాణ్ణి. చివరికి 12 ఏళ్ళ మా అబ్బాయి నా పక్కన కూర్చుని, "పడుతున్నావని ఒప్పుకో నాన్నా, అప్పుడు దెబ్బ తగలదు" అన్నాడు.

ఆ మాట నా మనస్సును పొడిచింది. కొన్ని వారాల ముందు ఫెలోషిప్ భోజనాల దగ్గర, చేయని తప్పుకు వాణ్ణి అందరి ముందు తిట్టాను. ఆ రాత్రే నాకు నిజం తెలిసింది. అయినా తండ్రిని, సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి, కొడుకును క్షమాపణ అడగడమేమిటని ఊరుకున్నాను. అక్కడ కూడా నేను చేయి ఆనించే నిలబడ్డాను.

ప్రియులారా, లూకా 22వ అధ్యాయంలో పేతురును చూడండి. అతడు పడతాడని ప్రభువుకు ముందే తెలుసు. అతని కోసం ముందే ప్రార్థించాడు. లేచి వచ్చాక చేయవలసిన పని కూడా ముందే అప్పగించాడు. పేతురు మాత్రం చావుకైనా సిద్ధమని బిగుసుకున్నాడు. ఆ రాత్రే మూడుసార్లు బొంకాడు. కోడి కూసినప్పుడు ప్రభువు తిరిగి అతనివైపు చూచాడు. పేతురు సాకులు వెదకలేదు, బయటికి వెళ్ళి ఏడ్చాడు. అప్పుడే అతనికి పడటం వచ్చింది. లేవడం కూడా అక్కడే మొదలైంది.

పాపంలో పడటం మంచిదని నేను చెప్పడం లేదు. పడ్డాక ఒప్పుకోవడం గురించి చెప్తున్నాను. నీతిమంతుడు ఎన్నడూ పడనివాడని సామెతలు 24:16 చెప్పదు, ఏడుసార్లు పడినా లేచేవాడని చెప్తుంది.

పరాయి దేశంలో కష్టపడి మనం ఉద్యోగం, ఇల్లు, సంఘంలో ఒక స్థానం సంపాదించుకున్నాం. అందుకే మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలంటే సిగ్గు. కాని మా క్లాసులో నల్లబెల్టు వారు కూడా రోజూ మాతోపాటు పడటంతోనే మొదలుపెడతారు. నల్లబెల్టులో మొదటి స్థాయిని షోదాన్ అంటారు. 'షో' అంటే ఆరంభం.

ఆ రోజు కారులో మా అబ్బాయిని క్షమించమని అడిగాను. అందరి ముందు అవమానించాను గనుక ఆదివారం అందరి ముందు మళ్ళీ అడిగాను. వాడు తల వంచుకుని "సరే నాన్నా" అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు నా చేయి పట్టుకున్నాడు.

మీరు ఈ రోజు ఎవరి ఎదుట చేయి ఆనించి నిలబడ్డారు? భార్య ఎదుటా? బిడ్డ ఎదుటా? సంఘంలో మాట్లాడటం మానేసిన సహోదరుని ఎదుటా? వచ్చే ఆదివారం దాకా ఆగకండి. మనం పడకముందే మన కోసం ప్రార్థించిన ప్రభువు మనలను లేవనెత్తును గాక. ఆమేన్.