చెయ్యి కంటే ముందు మాట

అమ్మలూ,

సోమవారం నుంచి నువ్వు అంగన్‌వాడీలో సహాయికగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ సంతోషంలో నాకు రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. ఇరవై రెండేళ్ళు ఇదే ఖరగ్‌పూర్‌లో చిన్నపిల్లల తరగతిలో పంతులమ్మకి తోడుగా పని చేసినదాన్ని కదా, నీకు చెప్పుకోవలసింది నా దగ్గర కొంత ఉంది. ఊడవడం, వండడం, గిన్నెలు కడగడం నీకు ఒకరు నేర్పక్కర్లేదు. పిల్లల గురించి మాత్రం ఈ అత్త మాట కాస్త విను.

పొద్దున్న మొదట నీ చెవిన పడేది ఏడుపు. మూడేళ్ళ వాడు గుమ్మం దగ్గర అమ్మ చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని ఉంటాడు. అమ్మకి అవతల పని తొందర. అందుకని వాణ్ణి గబుక్కున లాక్కుని లోపలికి ఎత్తుకెళ్ళిపోకు. వాడి ఎత్తుకి నువ్వూ కూర్చో. ‘నువ్వు అన్నం తినగానే వచ్చేస్తాను’ అని వాళ్ళమ్మ చేతే చెప్పించు. పిల్లాడు ఇటు తిరిగి ఉండగా చెప్పకుండా జారుకోమని కొందరు సలహా ఇస్తారు. నేనూ మొదట్లో అలాగే పంపేసేదాన్ని. మర్నాడు ఆ పిల్లాడు ఇంటి దగ్గర నుంచే అమ్మ మెడ వదిలేవాడు కాదు.

మన ఊరి తరగతి సంగతి వేరే ఊళ్ళవాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే మన తాతల్ని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి ఇక్కడికి తెచ్చింది. బీహారు వాళ్ళు, ఒడియా వాళ్ళు కూడా అలా పట్టాల వెంట వచ్చినవాళ్ళే. బెంగాలీలది, సంతాలులది ఈ నేలే. వాళ్ళందరి మనవలూ మునిమనవలూ నీ ఒక్క చాప మీద కూర్చుంటారు. ఒకడు జొల్ అంటాడు, ఒకడు పానీ అంటాడు, మనవాడు నీళ్ళంటాడు, సంతాలు పిల్ల దాక్ అంటుంది. అడిగేది అందరూ ఒకటే, దాహం. ఒంటికి వస్తే బెంగాలీ పిల్లాడు హిసి అంటాడు, హిందీ వాడు సూసూ అంటాడు, మన నింపురా పేట తెలుగు పిల్లాడు ‘ఉచ్చొస్తంది’ అంటాడు. దిదిమొణికి, అంటే బెంగాలీ పంతులమ్మకి, ఆ మూడో మాట తెలియకపోతే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? అందుకే ఈ అయిదు మాటలూ ప్రతి భాషలోనూ నేర్చుకో. దాహం, ఆకలి, నొప్పి, ఒంటికి, అమ్మ. ఆ అయిదూ వస్తే మొదటి నెల గడిచిపోతుంది.

ఒక తెలుగు పిల్ల ఉండేది, మథురాకాటి పేట నుంచి వచ్చేది. పళ్ళెంలో ఖిచుడి వడ్డిస్తుంటే ‘చాలు, చాలు’ అనేది. వడ్డించే ఆవిడ బెంగాలీ. ఆ చెవులకి చాలూ అంటే నడుస్తోంది, సాగనీ అని. అంచేత గరిటె మీద గరిటె వేసేది. ఆ పిల్ల పళ్ళెం కేసి చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తిండికి మొరాయించే పిల్ల అని దానికి పేరు కూడా పడింది. పది రోజులకి గానీ నేను గమనించలేదు. ఎదురుగా ఉండి కూడా పది రోజులు చూడకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందని తెలిసిన రోజు నేను పాయసం వండాను, గుర్తుందా? అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకి పెద్దపీట వెయ్యమంది. మంచి మాటలే. కానీ ‘చాలు’ అనే అలాంటి పిల్లకి అవేవీ తెలియవు. దాని చెవిలో ‘చాలా తల్లీ, ఇంక వద్దా?’ అని ఒకరు అనాలి. నీ తరగతిలో అలా అనగలిగేది నువ్వే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నా తప్పు, దాచుకోను.

కొత్తగా చేరిన రోజుల్లో ఒక పిల్లాడు చాప మీదే నిక్కరు తడిపేసుకున్నాడు. అందరూ చూస్తున్నారు. త్వరగా శుభ్రం చేసేద్దామన్న ఆత్రంలో వెనక నుంచి వెళ్ళి చంకల కింద చేతులు వేసి ఎత్తేశాను. కుళాయి దగ్గరకి తీసుకెళ్ళి నిక్కరు లాగేసి కడిగాను. కోప్పడలేదు, కొట్టలేదు, ఒక్క మాట కూడా అనలేదు. మాట అనకపోవడమే తప్పయింది. వాడు ఏడవలేదు కూడా, కర్రలా బిగుసుకుపోయాడు. ఆ తరవాత నాలుగు రోజులు బడికి రాలేదు. అయిదో రోజు వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, ‘ఆ అత్తొద్దు, ఆ అత్తొద్దు అంటన్నాడమ్మా’ అంది. నా కాళ్ళలో సత్తువ పోయింది.

అప్పటి నుంచి నేను ఒకటే పట్టుకున్నాను. పిల్లల ఒంటి మీద చెయ్యి వెయ్యబోయే ముందు, వాళ్ళ ఎదురుగా వెళ్ళి, వాళ్ళ భాషలో ఏం చెయ్యబోతున్నానో చెప్పడం. ‘ముక్కు కారుతోంది, తుడవనా?’ ‘చెయ్యి జిగురుగా ఉంది, కడుక్కుందామా?’ ‘నిక్కరు తడిసింది కదా నాన్నా, పద, పొడి నిక్కరు వేసుకుందాం.’ చెప్పి, రెండు ఊపిరులు ఆగు. వాడు తల ఊపుతాడు, లేదా చెయ్యి ఇస్తాడు. ఊపకపోతే ఇంకోసారి చెప్పు. నాలుగు రోజులు బడి మానేసిన ఆ పిల్లాడు నా దగ్గరకి రావడానికి మూడు వారాలు పట్టింది. వచ్చిన రోజు తనంతట తనే నిక్కరు పట్టుకుని ‘అత్తా, తడిసిపోయింది’ అన్నాడు. ఎత్తుకోలేదు నేను. వేలు ఇచ్చాను, పట్టుకుని నడిచాడు.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక పెద్దాయన ఉండేవాడు. వకీలు పని వదిలేసి 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల కోసం బాలమందిరం పెట్టాడు. జనం ఆయన్ని మీసాలున్న అమ్మ అనేవారట. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మన పనే గుర్తొస్తుంది.

జనవరిలో ఒక తమాషా చూస్తావు, కాస్త జాగ్రత్తగా ఉండు. భోగి మర్నాడో ఆ మర్నాడో మన పిల్లలు జేబుల్లో రేగుపళ్ళు వేసుకుని వస్తారు, తల మీద పోసినవే. బెంగాలీ ఇళ్ళలో సరస్వతీ పూజ అయ్యేదాకా రేగుపండు ముట్టరు. ఒకసారి ఒక పాప ‘నువ్వు తినేశావు, నీకు చదువు రాదు’ అని మన పిల్లతో అనేసింది. ఇద్దరూ భోరుమన్నారు. నేను ఆ పళ్ళు ఒక డబ్బాలో పోసి మూత పెట్టి, పూజ అయ్యాక అందరం తిందామన్నాను. వసంత పంచమి నాడు అందరి పలకల మీదా హాతేఖొడి అయింది, మన అక్షరాభ్యాసం లాంటిదే. పళ్ళు అప్పటికి ఎండి ముడతలు పడ్డాయి. అయినా ఒక్కొక్కటీ చప్పరిస్తూ తిన్నారు.

తిండి దగ్గర తొందర పడకు. ఊళ్ళో దీన్ని ఖిచుడి స్కూలు అంటారని చులకన చెయ్యకు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి రోజుకి ఎన్ని కేలరీలు, ఎన్ని గ్రాముల మాంసకృత్తులు అందాలో లెక్క రాసి మరీ పెట్టారు. కొందరికి ఆ రోజు కడుపు నిండేది అక్కడే. గుడ్డు పెట్టిన రోజున నాలుగు ముక్కలు చేసి ఇవ్వు, పచ్చసొన గొంతుకి అడ్డం పడుతుంది, పక్కన నీళ్ళుండాలి. వేడి గిన్నె పిల్లల మధ్యలోంచి ఎప్పుడూ మొయ్యకు. తలలు మూడుసార్లు లెక్కపెట్టు. వచ్చినప్పుడు, తిన్నాక, వెళ్ళేటప్పుడు. పట్టాలున్న ఊరు మనది. గేటు గడియ నీ చేత్తోనే వెయ్యి. తెలియని మనిషి వచ్చి ‘నేను మావయ్యని’ అంటే పిల్లని ఇచ్చెయ్యకు, ఎంత మంచిగా మాట్లాడినా సరే.

జీతం సంగతి నీకు తెలుసు, జీతం అని కూడా అనరు, గౌరవ భృతి అంటారు. 2018లో సహాయికలకి కేంద్రం ఖరారు చేసిన భృతిని 1,500 నుంచి 2,250 రూపాయలకి పెంచారు, రాష్ట్రం అదనంగా ఇచ్చేది దాని మీద. నీ కష్టానికి అది తక్కువేనని నేను ఒప్పుకుంటాను. ఈ అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైంది. అందులో పని చేసే కార్యకర్తలకీ సహాయికలకీ గ్రాట్యుటీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. నీ కాగితాలు, చేరిన తేదీ, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. సంతకం పెట్టేముందు చదువు. యూనియన్ వాళ్ళు పిలిస్తే వెళ్ళు.

నిన్ను ఆయా అని తేలిగ్గా పిలిచేవాళ్ళు ఉంటారు. బాధ పడతావు, నేనూ పడ్డాను. బెంగాలీ పిల్లలు మాత్రం మాసీ అంటారు. అంటే పిన్ని. మన పిల్లలు అత్తా అంటారు. ఆ పిలుపు విన్నప్పుడు చేతిలో పని ఆపి ఒకసారి వాళ్ళ వైపు తిరిగి చూడు.

నీకు పొడి బట్టలు ఎప్పుడూ చేతికందేలా ఉండాలి. నా పాత నేత చీర మెత్తబడిపోయింది, చింపి ఎనిమిది తువ్వాళ్ళు కుట్టాను. ఖరీదా బజారులో రెండు చిన్న నిక్కర్లు కూడా కొన్నాను, తడిపేసుకున్నవాళ్ళకి. ఆదివారం మధ్యాహ్నం అన్నానికి వచ్చి పట్టుకెళ్ళు.

మీ అత్త