చుట్లు లెక్కపెట్టేదెవరు

తెనాలిలో మా నాన్నది మోటార్ల వైండింగ్ షాపు. వేసవి వచ్చిందంటే కాలిపోయిన నీళ్ళ మోటార్లను రైతులు ట్రాక్టర్ల మీద వేసుకొచ్చేవారు. నాన్న పాత తీగ పీకేసి, గాళ్ళలో కాగితం దోపి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఎండలో ఆరబెట్టేవాడు. ఒకసారి వార్నిష్ ఆరిందంటే లోపల ఎన్ని చుట్లున్నాయో, తీగ ఎంత గేజో, రాగా అల్యూమినియమా అన్నది రైతుకు తెలిసే దారి లేదు. పది చుట్లు తగ్గినా మోటారు తిరుగుతుంది, నీళ్ళు పోస్తుంది. పంట చేతికొచ్చే ముందు కాలిపోతుంది. "రైతు చుట్లు లెక్కపెట్టలేడురా. అందుకే నేను రెండుసార్లు లెక్కపెడతా" అనేవాడు నాన్న. అది ఆయన చాదస్తం అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నాకు నలభై రెండేళ్ళు. నా భార్య నర్సు. ఆవిడ ఉద్యోగం మీద ఇంగ్లాండులోని లెస్టర్‌కు వచ్చాం. ఐటీఐ, దుబాయ్‌లో తొమ్మిదేళ్ళు, ఇక్కడ ఒక కాంట్రాక్టరు దగ్గర నాలుగేళ్ళు అయ్యాయి. ఇక్కడి లెవెల్ 3 అర్హతా ఏఎం2 పరీక్షా కూడా పూర్తిచేసుకుని ఈ ఏడాదే సొంతంగా పని మొదలుపెట్టాను. వ్యాను కొన్నాను, మీటరు కొన్నాను. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే మిగిలింది, ఏ రిజిస్ట్రేషన్ స్కీములో చేరాలి అని. తోటివాళ్ళు ఒక సాయంత్రంలో తేల్చుకునే ఆ మాటకు నాకు రెండు నెలలు పట్టింది.

ఇక్కడి పద్ధతి చెప్తాను. ఇంగ్లాండు, వేల్స్‌లలో 2005 జనవరి 1 నుంచి ఇళ్ళలోని కరెంటు పని బిల్డింగ్ రెగ్యులేషన్స్ కిందికి వచ్చింది. దాన్నే పార్ట్ పీ అంటారు. 2013లో ఇంగ్లాండు వరకు నిబంధన కొంత సడలించినా, కొత్త సర్క్యూట్ వేసినా, మెయిన్ బోర్డు మార్చినా, స్నానాలగదిలో తొట్టికీ షవరుకూ దగ్గరగా తీగ కదిపినా ఇప్పటికీ అధికారులకు చెప్పాల్సిందే. అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. పని మొదలుపెట్టకముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, వాళ్ళచేత తనిఖీ చేయించుకోవచ్చు. లేదా ఎన్‌ఐసీఈఐసీ, నాపిట్ లాంటి స్కీములో చేరితే, చేసిన పనికి మనమే సర్టిఫికెట్ రాసి, 30 రోజుల్లోపు స్కీము ద్వారా తెలియజేస్తే చాలు.

మనమే రాయడం. నేను ఆగిపోయింది అక్కడే. మా ఊళ్ళో తగాదా వస్తే "నాకు నేనే సాక్షి" అంటే పెద్దమనుషులు ఒప్పుకుంటారా? ఇక్కడి ప్రభుత్వం సరిగ్గా ఆ మాటనే నాచేత చెప్పించి ఒప్పుకుంటోంది. ఇక్కడి వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 ప్రకారం ఇచ్చే సర్టిఫికెట్‌లో డిజైనుకు ఒకరు, పనికి ఒకరు, పరీక్షకు ఒకరు సంతకం పెట్టాలి. ఆ మూడూ చేసింది ఒక్కడే అయితే ఒకే సంతకం సరిపోతుంది. పని చేసిన చెయ్యే తన పని బాగుందని రాస్తుంది.

ఆ రాత వెనక మనుషుల ప్రాణాలుంటాయి. 2004లో ఇక్కడ ఒక పార్లమెంటు సభ్యురాలి కూతురు తన వంటింట్లోనే కరెంటు కొట్టి చనిపోయింది. గోడలో దాగిన తీగ ఉండకూడని దారిన పోయింది. గరిటెలు తగిలించే లోహపు స్టాండు స్క్రూ దానికి తగిలింది. ఆ గోడకు రంగు వేసినవాడికీ, టైలు అతికినవాడికీ, స్టాండు బిగించినవాడికీ ఆ తీగ కనిపించదు. కనిపించిన మనిషి ఒక్కడే, దాన్ని అక్కడ పెట్టినవాడు.

భగవద్గీత పదమూడో అధ్యాయంలో దేహంలో ఉండే పరమపురుషుడికి ఉపద్రష్ట అనే పేరుంది. మా వీధిలో ఉపద్రష్టవారనే కుటుంబం ఉండేది, ఆ ఇంటిపేరుకు అర్థం నాకు చాలాకాలం తెలియదు. శంకరాచార్యులు తన భాష్యంలో ఆ మాటను యజ్ఞంతో పోల్చి వివరించారు. ఋత్విక్కులూ యజమానీ పనిలో మునిగి ఉంటారు. యజ్ఞవిద్య తెలిసిన మరొకడు ఏ పనిలోనూ చెయ్యి పెట్టకుండా పక్కన కూర్చుని వాళ్ళు చేసేదాంట్లో గుణదోషాలు చూస్తుంటాడు. అలా చూసేవాడు ఉపద్రష్ట. ఇది చదివినప్పుడు నాకు, చేరినవాళ్ళ పనిని వచ్చి చూసిపోయే స్కీము ఇన్‌స్పెక్టరే కళ్ళముందు మెదిలాడు. ఆ వెంటనే అనుమంత అనే మాట వస్తుంది. దానికి శంకరులు చెప్పిన అర్థాల్లో ఒకటి నన్ను కలవరపెట్టింది. తమ పనుల్లో దిగినవాళ్ళను సాక్షిగా చూస్తూ ఎన్నడూ అడ్డుకోనివాడట.

అడ్డుకోడు. మరి ఆ సాక్షి ఉండి ఏం లాభం?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలోంచి పుట్టలేదు. ఇదివరకు పనిచేసిన చోట ఒక ఫోర్‌మన్ ఉండేవాడు. పని అయ్యాక వ్యానులో కూర్చుని, మీటరు సంచిలోంచి తియ్యకుండానే పరీక్షల పట్టిక నింపేవాడు. మంచి ఎలక్ట్రీషియనే, ఏ తీగకు ఏ అంకె రావాలో కంఠతా వచ్చు. అడిగితే "వచ్చేది అదేగా" అనేవాడు. రెండుసార్లు ఆ కాగితాలు నేనే ఆఫీసులో ఇచ్చాను. నోరెత్తలేదు. వీసా, అద్దె, పిల్లల బడి అన్నీ గుర్తొచ్చాయి. నాలోని ఉపద్రష్ట చూస్తూనే ఉన్నాడు. నన్ను ఆపలేదు.

అందుకే స్కీము ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేవాటితో నేను ఆగలేకపోయాను. ఎన్‌ఐసీఈఐసీ 1956 నుంచి ఉంది, ఇక్కడి పెద్దవాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు. నాపిట్ 1992లో వచ్చింది. చట్టం ముందు రెండూ సమానమే. రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ల పేర్లు వెతుక్కోవడానికి అందరికీ కలిపి ఒకే జాబితా ఉంది. దేనికైనా ఏడాదికి కొన్ని వందల పౌండ్లవుతుంది. అర్హత పత్రాలు, 20 లక్షల పౌండ్ల బీమా, కాలిబ్రేషన్ చేయించిన మీటరు ఎక్కడైనా అడుగుతారు. ఇవన్నీ పోల్చి చూశాక నాకు మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఏడాది పొడుగునా నేను చేసే పనుల్లో ఇన్‌స్పెక్టరు చూసేది ఒకటో రెండో. చూడని మిగతా పనుల్లో నన్ను నిలబెట్టేది ఎవరు?

పని తక్కువగా ఉన్నవాళ్ళు కౌన్సిల్ దారినే వెళ్ళడం మంచిదని ఇప్పటికీ అనుకుంటాను. అక్కడ ప్రతి పనికీ మరొక మనిషి సాక్షి ఉంటాడు. కానీ ప్రతిసారీ ఆ రుసుము కడుతూ నేను ఇల్లు నడపలేను. చివరికి నాపిట్‌లో ఉన్న ఒక నెల్లూరు అన్నను అడిగాను, ఇన్‌స్పెక్టరు వచ్చి ఏం చేశాడన్నా అని. "కాగితం పక్కన పడేసి బోర్డు విప్పమన్నాడయ్యా. నా చేత్తోనే మళ్ళీ కొలిపించాడు" అన్నాడు. నేనూ అందులోనే చేరాను. నా దగ్గరికి వచ్చినాయన కూడా రింగ్ సర్క్యూట్ పరీక్ష తన ఎదుట మొదటినుంచీ చేయించాడు. అంకె సరిగ్గా వచ్చినా ఇంకోసారి కొలవమన్నాడు.

చేరిన నెలలోనే ఒక గుజరాతీ పెద్దావిడ ఇంట్లో మెయిన్ బోర్డు మార్చాను. శుక్రవారం సాయంత్రం, పొద్దున్నుంచీ ఇంట్లో కరెంటు లేదు. పాత ఇల్లు, గోడల్లో మన దగ్గర లాగే ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు. ఇక్కడి సాకెట్ల సర్క్యూట్ రింగులా ఉంటుంది. తీగ బోర్డులో బయల్దేరి సాకెట్లన్నీ తిరిగి మళ్ళీ బోర్డుకే వస్తుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 32 ఆంపియర్ల బ్రేకరు పెట్టగలిగేది లోడు రెండు వైపులా పంచుకుంటుందనే. రింగు ఎక్కడైనా తెగితే బల్బు ఆరదు, కెటిల్ ఆగదు. అంతా పనిచేస్తుంది. భారమంతా ఒకే వైపు పడి గోడలోపల తీగ వేడెక్కుతుంది, బ్రేకరుకు ఆ సంగతి తెలియదు.

రెండు కొసలూ పట్టుకుని కొలిచాను. ఫేజు 0.58 ఓములు. ఎర్త్ 0.97. న్యూట్రల్ దగ్గర మీటరు అంకే చూపించలేదు, తెగి ఉంది. "బేటా, పొద్దుటిదాకా అన్నీ బాగానే పనిచేశాయి కదా, ఇక వెయ్యి" అంది ఆవిడ. దీపం పెట్టే వేళవుతోంది. ఫేజు 0.58 అయితే న్యూట్రలూ దాదాపు అంతే ఉండాలి, రెండూ ఒకే మందం తీగలు. ఏ అంకె రాస్తే ఎవరూ అనుమానించరో నాకు తెలుసు. పెన్ను ఆ గడి దాకా వెళ్ళింది కూడా. లోపలి సాక్షి ఈసారీ నా చెయ్యి పట్టుకోలేదు. నాకు గుర్తొచ్చింది ఇంకోసారి కొలవమన్న ఇన్‌స్పెక్టరు. ఆయన వెనకే, వార్నిష్ డబ్బా పక్కన పెట్టుకుని పెదాలు కదుపుతూ చుట్లు రెండోసారి లెక్కపెడుతున్న మా నాన్న. చూసేవాడు మాట్లాడడనే కాబోలు, చుట్టూ ఇలాంటి మనుషుల అవసరం ఉంటుంది. ఆ సాక్షి చూస్తున్నది మనకు వినపడేలా చేసేది వాళ్ళే. నాకు తోచిన సమాధానం ఇంతే.

ఆవిడకు నా ఎమర్జెన్సీ దీపం వెలిగించి ఇచ్చి, సాకెట్లు ఒక్కొక్కటే విప్పాను. ఆరోది ఫ్రిజ్ వెనక ఉంది. నల్ల తీగ ఒకటి స్క్రూ కిందనుంచి జారి, పెట్టెలో ఓ మూల పడి ఉంది. ఎన్నేళ్ళుగా అలా ఉందో. కొస కత్తిరించి, కొత్తగా ఒలిచి, బిగించి, బోర్డు దగ్గరికొచ్చి కొలిచాను. మళ్ళీ కొలిచాను.

ఆ సర్టిఫికెట్‌లో న్యూట్రల్ గడిలో 0.59 అని ఉంటుంది. అది మీటరు చూపించిన అంకె.