రథమును, దానివలని సుఖమును

పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందలి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున సుభాష్‌పల్లి యను పేట గలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉద్యోగార్థమై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ పట్టణమున తరతరములుగా నివసించుచున్నవి. ఆ పేటలోని యొక గృహస్థుని యింట జరిగిన సంభాషణయే ఈ విచారణకు మూలము.

ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. ఆయన కుమారునకు స్పోర్ట్స్ కారు కొనవలెనని చిన్ననాటి కోరిక. దాచిన ధనము చాలదు. మిగిలినది అప్పు చేయవలెను. తండ్రి వలదనుచున్నాడు. ఆ యువకుడు నన్నిట్లడిగెను: “స్వామీజీ, కష్టార్జితముతో కోరిన వస్తువు కొనుట తప్పా?”

“తప్పు కాదు, నాయనా. కాని ఇపుడు నీ వూహించు ఆనందము, దానిని ప్రతిదినము నడుపునపుడు కూడ నిలుచునా? ముందు దానిని విచారింపుము” అంటిని.

ఇట్టి కారు వేగమునకై నేలకు మిక్కిలి దగ్గరగా నిర్మింపబడును. పెక్కింటికి క్రింద సుమారు 12 సెంటీమీటర్ల ఖాళీయే యుండును. మన దేశపు ప్రమాణములను బట్టి కట్టిన స్పీడ్ బ్రేకరు ఎత్తే 10 సెంటీమీటర్లు. ప్రమాణము నతిక్రమించి కట్టినవి ఎన్నియో! గోల్ బజారు రద్దీలో, టోటోల నడుమ, సైకిళ్ల వెనుక, ఆ యంత్రపు శక్తి యంతయు నిరుపయోగమై యుండును. అయినను ఇవి బాహ్యమైన అసౌకర్యములు. ప్రియమైన వస్తువుకొఱకు మానవుడు వీనిని సంతోషముగనే సహించును. అసలు కారణము లోపల నున్నది.

నార్బర్ట్ ష్వార్జ్, జింగ్ షు అను పరిశోధకులు 2011లో ప్రకటించిన పరిశోధన ఇచట స్మరింపదగినది. కారు నడుపునపుడు సాధారణముగా ఎట్లుండునని యడిగిన, ఖరీదైన కారు గలవారు అధిక సుఖమును చెప్పిరి. కాని కడపటిసారి పనికి పోయిన ప్రయాణమున నిజముగా ఎట్లుండెనని యడిగిన, కారు వెలకును సుఖమునకును సంబంధము కనబడలేదు. కేవలము విహారమునకై నడిపినపుడు మాత్రము ఆ సంబంధము కనబడెను.

ఏల యిట్లు? విహారమున మనస్సు కారుమీద నుండును. పనికి పోవునపుడు అది కచేరిమీదను, గడియారముమీదను, ఇంటి చిక్కులమీదను తిరుగుచుండును. కారు స్వామ్యము మనదే. కాని మనస్సు అచట లేదు. మనస్సు లేనిచోట సుఖమెట్లుండును? సుఖము వస్తువునం దున్నచో, వస్తువున్నంత కాలము అదియు నుండవలెను గదా!

కఠోపనిషత్తున యముడు నచికేతునకు రథములను, భోగములను ఇవ్వజూపెను. అవి రేపటివరకైన నిలుచునో లేదో యని ఆ బాలుడు వానిని తిరస్కరించెను. ఆ యుపనిషత్తే పిదప శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను వర్ణించినది. రథమును నిందించుట దాని ఉద్దేశము కాదు. సారథి మేల్కొని యుండవలె ననుటయే.

ప్రతివాద మొకటి గలదు. 1989లో జపానుదేశపు మాజ్దా సంస్థ ఎంఎక్స్-5 అను చిన్న స్పోర్ట్స్ కారును వెలువరించెను. గుఱ్ఱమును రౌతును ఏకమైనట్లు కారును నడుపువాడును ఏకము కావలెనన్నది నిర్మాతల ఆదర్శము. ఇట్టి తేలిక కారు తక్కువ వేగమునందును నిత్యానుభవమున హాయి నిచ్చునని అభిమానులందురు. ఇది అసత్యము కాదు. కాని ఆ హాయి చేయి, కాలు, కన్ను, మనస్సు ఏకాగ్రమగుట వలన కలిగినది; స్వామ్యము వలన కాదు, చూపరుల ప్రశంస వలన అంతకంటెను కాదు.

ఆ యింటి వసారాలో తండ్రి సైకిలు నిలిచి యుండెను. వర్క్‌షాపునకు పోయిన దినములలో ఎక్కినదే. ఇప్పటికిని ఆయన ప్రతి ఆదివారము దానిని తుడిచి, గొలుసునకు నూనె వేయును. నేను కుమారునకు దానిని చూపితిని. “అప్పు లేక కొనగలిగిన నాడు కొనుము, నీ తండ్రి దీనిని చూచుకొనునట్లు చూచుకొనుము. అప్పు చేసి కొన్నచో, నడుపునపుడు నీ మనస్సు కారుమీద గాక వాయిదామీద నుండును” అంటిని.

అతడు బదులు చెప్పలేదు. తండ్రియు ఏమియు ననలేదు. మనలో ప్రతివానికిని ఇట్టి కారొకటి గలదు. ఇల్లు కావచ్చును, పదవి కావచ్చును. కోరునపుడు పండుగనాటి సుఖమును గాక, పని దినపు అనుభవమును తలచుకొని కోరుట వివేకము.