మార్జారకిశోర న్యాయము

కోతిపిల్ల తల్లిపొట్టను తానే గట్టిగా పట్టుకొని యుండును. పిల్లికూన అట్లు పట్టుకొనజాలదు. తల్లియే దానిని నోట కరచుకొని పోవును. శరణాగతి విషయమున ఈ రెండు దృష్టాంతములును మన సంప్రదాయమున సుప్రసిద్ధములు. జీవుని వలన ఒక వ్యాజమైనను ఉండవలెనని 1268లో అవతరించిన వేదాంతదేశికుల ననుసరించు వడగలై వారును, స్వామి నిర్హేతుక కృపయే చాలునని పిళ్ళై లోకాచార్యుల ననుసరించు తెంగలై వారును చెప్పుదురు.

మరి తల్లిలేని పిల్లికూనకు గతి యేమి? ఈ ప్రశ్న నాకు పాఠశాలలో తోచలేదు. నిరుడు వర్షాకాలమున ఒక క్షేత్రమునకు పోయినప్పుడు తోచినది.

వేకువనే స్నానమాడి, మడి కట్టుకొని గుడికి పోవుచుంటిని. కాలువగట్టున మూడు కూనలు వానలో తడిసి అరచుచుండెను. కండ్లు పుసిగట్టి మూసికొని పోయినవి. తాకినచో మడి చెడునని తొలగిపోతిని. దర్శనమైనది గాని మనస్సు స్వామియందు నిలువలేదు.

తిరిగి వచ్చునప్పటికి అవి సత్రపు వసారాలో అట్టపెట్టెలో నుండెను. ఒక గృహిణియు, ఇద్దరు విద్యార్థులును వానికి ఉపచారము చేయుచుండిరి. దిక్కులేని ప్రాణులను సాకుట వారు స్వచ్ఛందముగా పూనిన సేవయట. ఆవుపాలు తెప్పింతునా యని యడిగితిని.

“వద్దు తాతగారూ! ఆవుపాలు వీటికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ముందు ఒళ్ళు వెచ్చబడాలి. చల్లగా ఉండగా ఏ పాలు పట్టినా ప్రాణానికే ముప్పు” అని ఒక విద్యార్థి చెప్పెను.

పసికూన తన దేహపు వేడిని తాను నిలుపుకొనజాలదట. రాత్రియనక పగలనక రెండు మూడు గంటలకొకమారు, పిల్లికూనలకై చేసిన పాలపొడిని కలిపి, బోర్లా నుంచి మెల్లగా పట్టవలెను. వెల్లకిల నుంచినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును. తల్లి నాకినట్లు తడిగుడ్డతో తుడువనిదే మలమూత్రములు సైతము వెడలవు. గోరువెచ్చని నీట తడిపిన దూదితో కండ్లు తుడిచి, పశువైద్యుడిచ్చిన మందు వేయుచుండిరి.

రెండవ రాత్రి ఒక కూన మరణించెను. శ్రమ వృథా యయ్యెనే యంటిని. ఆ గృహిణి కన్నీరు తుడుచుకొని, “గట్టుమీద పోలేదు స్వామీ, ఒళ్ళో పోయింది. మా చేతిలో ఉన్నది అంతే” అని, తక్కిన రెండింటికి పాలు కలుపబోయెను.

నలువదియెనిమిది దినములు ఆకలిదప్పులతో నుండియు, రంతిదేవుడు లభించిన అన్నమును కుక్కలతో వచ్చిన అతిథికి సైతము పెట్టెనని శ్రీమద్భాగవత నవమస్కంధము చెప్పుచున్నది. ఆ కథను ఎన్నో సభలలో చెప్పితిని. నిర్హేతుక కృపను గూర్చి గంటలకొలది ఉపన్యసించితిని. అది కాలువగట్టున నా యెదుట నిలిచి చేయి చాపుమన్నప్పుడు, చేయి ముడుచుకొంటిని. ఆ కూనలు ఏమి పుణ్యము చేసినవని ఆ ముగ్గురు అడుగలేదు. మనము స్వామిని కోరునదియు అట్టి కృపయే గదా!

యాత్రికులారా! కూనలు కనబడినచో తొందరపడక, కొంత దూరమున నిలిచి చూడుడు. తల్లి ఆహారమునకై పోయి యుండవచ్చును. రోగముతో నున్నను, తడిసి చల్లబడినను ఆలసింపక, పొడిగుడ్డలో వెచ్చగా చుట్టి పశువైద్యుని కడకు చేర్పుడు. చెడిన మడిని మరల స్నానమాడి కట్టుకొనవచ్చును. పోయిన ప్రాణమును మరల తేజాలము.