దయకు తోడు వివేకము

సంతలో ఇరుకు గంపలో ఒకదానిపై నొకటి పడి, దాహముతో నోళ్ళు తెరచుచున్న బాతుపిల్లలను జూచి జాలిపడి, వెలయిచ్చి ఇంటికి తెచ్చువారు కలరు. ఆ కొనుగోలుతోనే దయ సంపూర్ణమైనదా? ఆ జాలి కాయకముగా మారవలసిన పని అప్పుడే ఆరంభమగుచున్నది.

బాతు నీటిపక్షి కదా యని పలువురు పిల్లను వెంటనే తొట్టిలో విడుతురు. తల్లి లేని పసిపిల్ల నూగు నీటికి తడిసిపోవును. చలికి ప్రాణమే పోవచ్చును. దానికి మొదట కావలసినది వెచ్చదనము. తొలివారమున సుమారు 32 డిగ్రీలు. ముక్కురంధ్రములు మునుగునంత లోతుగల పాత్రలో త్రాగునీరు, జారని నేల, తోడుగా మరొక పిల్ల వలయును. కోడిపిల్లకంటె బాతుపిల్లకు నియాసిన్ అను విటమిను ఎక్కువ అవసరము. అన్నపు మెతుకులే పెట్టినచో ఆ లోపముచే కాళ్ళు వంకరపోవును. హింసకు లోనైన పిల్ల చేయి చాపగానే బెదరును. ముద్దాడుట పెంచువాని ముచ్చట. నిశ్శబ్దముగా దగ్గర నుండుట దాని అవసరము.

ఇంకొక ప్రశ్న కలదు. ఆ వెలతో అమ్మువాడు మరొక గంప నింపడా? నింపవచ్చును. అప్పుడు ఒక ప్రాణిని కాచినవాడే మరికొన్నింటి బాధకు మూల్యము చెల్లించినట్లగును. ఆకలి, దాహము, ఇరుకులచే బాధపడు ప్రాణిని అమ్మజూపుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము నేరము. ఆ మాట అమ్మువానికి నెమ్మదిగా చెప్పవలెను. వినకున్న అధికారులకు తెలుపవలెను.

తెచ్చినదానిని పెంచుట దయలో సగము. మరొకటి ఆ గంపలో పడకుండ జూచుట తక్కిన సగము.