తీగె ఎంత బిగించాలి?



అనకాపల్లిలో ఏప్రిల్ 14 ఊరేగింపు సాగుతోందనుకోండి. డప్పు మోగుతోంది, మైకులో పాట ఎత్తుకున్నారు. వినికిడి సగం తగ్గిన ఓ పెద్దాయనకి డప్పు దెబ్బ గుండెల్లో తగులుతుంది గానీ పాటలో మాటలు అందవు. చాలామందికి ఇంతే. మంద్రస్వరాలు నిలుస్తాయి, స, ష లాంటి సన్నటి చప్పుళ్లు జారిపోతాయి. "ఇంక నాకు పాటలెందుకు" అని ఆయన ఇంట్లో కూర్చుంటే, అది వైరాగ్యమా?

కాదు. చెవి, శబ్దం, ఎరుక మూడూ కలిస్తేనే స్పర్శ అంటుంది ధమ్మం. తగ్గింది చెవే, ఎరుక కాదు. వినికిడీ అనిత్యమే. ఒకనాడు విన్నట్టే ఇప్పుడూ వినపడాలని పట్టుబడితే దుఃఖం. అలా వినపడదు కాబట్టి అసలే వద్దనడం కూడా ఆ పట్టుదలే.

పాటే బంధనం కదా అంటారు కొందరు. ఉపోసథం నాటి అష్టశీలాల్లో ఆటపాటలు మానమని ఉంది, పంచశీలలో లేదు. బాబాసాహెబ్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు.

సోణుడికి బుద్ధుడు చెప్పింది గుర్తుందా? వీణ తీగె మరీ బిగించినా పలకదు, మరీ వదులైనా పలకదు. చెవి మిషనూ అంతే. సౌండ్ మరీ పెంచితే చెవి నొచ్చుతుంది, మిషన్ పెట్టెలో దాస్తే పనికిరాదు. పైగా అది ముఖ్యంగా మాటల కోసం చేసింది. పాట వింటే వంకరగా వినిపించవచ్చు. సంగీతానికి వేరే సెట్టింగ్ పెట్టమని అడగండి. తెలిసిన పాటైతే పాఠం చేతిలో పెట్టుకుని వినండి. స్కాట్లాండ్ కళాకారిణి ఎవెలిన్ గ్లెనీకి పన్నెండేళ్లకే వినికిడి దాదాపు పోయింది. ఆవిడ చెప్పులు విప్పి, నేల అదురును పాదాలతో పట్టుకుంటూ తాళవాద్యాలు వాయిస్తారు. మన డప్పునీ అలా ఒంటితో వినొచ్చు.

ఇక మన వంతు. 2016 వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లో 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు తక్కువున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు, ఇబ్బంది మాత్రం ఉంటుంది. చట్టం లెక్కించనివాళ్లని సంఘం లెక్కించాలి. "చెవిటోడా" అనే పిలుపు మానండి. ఎదురుగా నిలబడి, ముఖం కనిపించేలా మాట్లాడండి. వందనం, పాటలు అచ్చువేసి పంచండి. పెద్దపెద్ద బాక్సుల హోరు తగ్గించండి. అది బాగున్న చెవుల్నీ తినేస్తుంది.

బొజ్జన్నకొండ ఉన్న మన శంకరానికి ఆ పేరు సంఘారామం నుంచి వచ్చిందంటారు. సంఘమంటే అందరూ కలిసి కూర్చునే చోటు. వినికిడి తగ్గినవాళ్లకి ముందు వరుసలో, డప్పు పక్కనే చోటివ్వండి.

నమో బుద్ధాయ.